విమానము నడపు విద్య

పుష్పకవిమానమునకు చోదకుడు లేడు. అది యజమాని మనస్సు నెఱిగి పోవునది. కుబేరుని వద్ద నున్నను, రావణుని చేత జిక్కినను, శ్రీరాముని అయోధ్యకు జేర్చినను దానికి కావలసినది ఎక్కువారే కాని నడపువారు కారు. అర్జునుని రథమునకు సాక్షాత్తు శ్రీకృష్ణుడే సారథి కావలసివచ్చెను. పుష్పకమునకు ఆ యక్కఱ లేకపోయెను. సంస్కృతము చదివినవాడను గావున, మన పూర్వులకు విమానశాస్త్ర మంతయు కరతలామలక మని వాదించు మిత్రులు అప్పుడప్పుడు నన్ను సాక్ష్యమునకు పిలుచుట కలదు. నేను పోను. 'వైమానికశాస్త్ర' మని పేరొందిన గ్రంథమును బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థ పండితులు 1974లో పరీక్షించి, అది ఇరువదవ శతాబ్దమునకు పూర్వపుది కాదనియు, అందు వర్ణింపబడిన యంత్రములు ఎగురజాల వనియు తేల్చియున్నారు. పుష్పకకథలో నాకు వింతగా తోచునది వేఱొకటి. విమానము నడపుట నేర్చుకొనవలసిన పని యనిగాని, నేర్చుకొనుటకు ధనము కావలె ననిగాని, నేర్చిన పిమ్మటను పని దొరకకపోవచ్చు ననిగాని ఆ కథలో ఎవరికిని తట్టలేదు. ఈ చింతలు నిజమైన విమానములతో వచ్చినవి.

గత వేసవిలో ఒక సాయంకాలము మా యూరి రైతొకరు భార్యతోను కుమార్తెతోను మా యింటికి వచ్చిరి. ఆ బాలిక నా వద్ద తొమ్మిది, పది తరగతులు చదివినది. గణితము, భౌతిక రసాయనశాస్త్రములతో ఇంటర్మీడియెట్ అప్పుడే ముగించినది. "మాస్టారూ, మా అమ్మాయి విమానం నడుపుతానంటోందండి. ఇంజనీరింగులో చేరమంటే చేరనంటోంది. మీ మాటంటే దానికి గురి. మీరే ఏదో ఒకటి చెప్పాలి" అని ఆయన కూర్చుండక మునుపే అనెను. ఆయన కోరిన ఆ 'ఏదో ఒకటి' వలదని చెప్పుటయే యని ఆయన ముఖము చూచినవారి కెల్ల తెలియును. తల్లి మాటాడలేదు. పిల్ల గోడమీది దేశపటము వంక చూచుచు నిలుచుండెను. నేను రెండు వారములు గడు వడిగితిని. అట్లడుగుటకు నాకొక స్వంత కారణము కలదు. దానిని ముందు చెప్పెదను. ఆ రెండు వారములలో ఈ వృత్తి పూర్వకథను చదివి తెలిసికొన్నదానినే యిక్కడ పాఠకుల ముందుంచుచున్నాను. ఇట్టి ప్రశ్న పుట్టుచున్నది మా యూరి యింట మాత్రమే కాదు గదా.

మన దేశమునకు విమానము మొదట వేడుకగా వచ్చినది. 1911 ఫిబ్రవరి 18వ తేదీన హెన్రీ పెకే యను ఫ్రెంచి యువకుడు అలహాబాదు పోలో మైదానమునుండి సుమారు 6,500 ఉత్తరములతో లేచి, యమునానది దాటి నైనీలో దిగెను. దూరము ఆఱు మైళ్లు. ప్రపంచమున ప్రభుత్వానుమతితో తపాలా మోసిన మొదటి విమాన మదియే యందురు. దానిని చూడవచ్చిన వేలాది జనులలో ఎవరును తమ కుమారుని ఈ పనిలో పెట్టవలె నని తలచి యుండరు. గారడివానిని చూచి చప్పట్లు కొట్టినంత మాత్రమున కొడుకును గారడిలో చేర్చుదుమా?

1928వ సంవత్సర ప్రాంతమున ఢిల్లీ, బొంబాయి, కరాచీ, కలకత్తా నగరములలో విమానశిక్షణ సంఘములు వెలసెను. 1929 ఫిబ్రవరి 10వ తేదీన జె. ఆర్. డి. టాటా భారతదేశములో ఒకటవ నెంబరుగల లైసెన్సును పొందెను. ఇరువది నాలుగేండ్ల వాడు, సంపన్ను డింటి బిడ్డ. నేర్చుకొనుటకు ధనము వెదుకుకొన నక్కఱలేదు, నేర్చిన విద్యతో పొట్ట పోసికొననక్కఱయు లేదు. ఆ కాలపు లైసెన్సులలో రెండు తరగతు లుండెను. 'ఏ' లైసెన్సు తన వినోదమునకు తాను ఎగురుటకు. 'బి' లైసెన్సు కూలి పుచ్చుకొని ఇతరులను, సరకులను మోయుటకు. ఈ రెండింటి నడుమ నున్న దూరమే మన ప్రశ్నకు మూలము. మొదటిది వినోదము, రెండవది వృత్తి. మొదటిదానికి శ్రీమంతులు చాలుదురు. రెండవదానికి జీతమిచ్చు యజమాని కావలెను.

అట్టి యజమాని 1932లో పుట్టెను. ఆ యేడు అక్టోబరు 15వ తేదీన టాటా తానే చిన్న 'పుస్ మాత్' విమానములో కరాచీనుండి తపాలా సంచులతో బయలుదేరి, అహ్మదాబాదులో దిగి, బొంబాయిలోని జుహూ మైదానమునకు చేరెను. అహ్మదాబాదులో విమానమునకు పెట్రోలు డబ్బాలను ఎద్దుబండి మీద తెచ్చిరట. గాలిలో పోవు బండికి నేలమీది బండి మేత మోసికొని వచ్చుట చూడదగిన దృశ్యమై యుండును. బొంబాయినుండి ఆ తపాలాను నెవిల్ విన్సెంటు బళ్లారి మీదుగా మద్రాసునకు తెచ్చెను. ఆ బళ్లారి నాడు మద్రాసు రాజధానిలోనిది. తెలుగు కన్నడములు రెండును వీధిలో వినవచ్చు పట్టణము. దక్షిణదేశమున ఈ మార్గపు మొదటి మజిలీ మన వాకిటనే వెలసె నని చెప్పవచ్చును. దారిలో రేడియో సహాయము లేదు, రాత్రి దిగుటకు దీపములు లేవు. వానకాలమున జుహూ మైదానము బురదయై పోవుటచే పూనాకు మకాము మార్చవలసి వచ్చెడిది. మరుసటి సంవత్సరమగు 1933లో ఆ విమానములు 1,60,000 మైళ్లు తిరిగి మోసిన ప్రయాణికుల సంఖ్య 155 మాత్రమే. నేడొక విమానములో ఒకమారు ఎక్కువారు అంతకంటె ఎక్కువ.

ఆనాటి ఇల్లాండ్రు తమ పిల్లలను వలదన్నచో వారిని తప్పుపట్టగలమా? అది ప్రాణాపాయమని ఎఱుగుటకు ఎక్కువ విద్య అక్కఱలేదు. సరళా ఠక్రాల్ కథ నాకు ఈ సందర్భమున పదేపదే జ్ఞప్తికి వచ్చినది. ఆమెకు పదునాఱవ యేటనే వివాహమయ్యెను. భర్త పి. డి. శర్మ కరాచీ లాహోరుల నడుమ తపాలా విమానము నడపువాడు. అత్తవారింట తొమ్మండుగురు వైమానికు లుండిరి. కోడలు విమానము నడపవలె నని మామగారు భర్తకంటె ఎక్కువగా పట్టుపట్టెను. 1936లో, ఇరువదియొక్క యేండ్ల వయస్సున, నాలుగేండ్ల కుమార్తె తల్లియై యుండి, చీరతోనే 'జిప్సీ మాత్' విమాన మెక్కి ఆమె 'ఏ' లైసెన్సు సంపాదించెను. అనంతరము వేయి గంటలు ఎగిరెను. ఇక మిగిలినది వృత్తికి కావలసిన 'బి' లైసెన్సు. దానికై జోధపురమున శిక్షణ పొందుచుండగా 1939లో భర్త విమానప్రమాదమున మరణించెను. ఆ యేడే యుద్ధము వచ్చి పౌరవిమాన శిక్షణము నిలిచిపోయెను. ఇరువదినాలుగేండ్ల వితంతువు బిడ్డతో లాహోరునకు పోయి చిత్రకళ నేర్చుకొని దానితో జీవించెను. ఆర్యసమాజ భావములుగల ఆమె 1948లో పునర్వివాహము చేసికొనెను. వీరేశలింగముగారు పుట్టిన నేలవారము గనుక ఆ కడపటి మాట మనకు ప్రత్యేకముగా సంతోషము కలిగించును. కాని ఆమె మరల వైమానికురాలు కాలేదు.

ఈ కథను నేను మా తరగతిలో పూర్వము చెప్పినప్పుడు 'ధైర్యవతి' యని చెప్పి ముగించెడివాడను. ఇప్పుడు చదువగా, ఆమెకు కొఱవడినది ధైర్యము కాదు, ఇంటివారి యనుమతి కాదు, నైపుణ్యము అసలే కాదు. శిక్షణ మధ్యలో లోకము తలక్రిందులయ్యెను, అంతే. ఈ విద్యకు దీర్ఘకాలము పట్టును, ఆ కాలములో దేశము నిలుకడగా నుండవలెను. ఈ సంగతి ఏ శిక్షణసంస్థ ప్రకటనలోను కానరాదు.

యుద్ధము ముగియగానే విమానములు అగ్గువయయ్యెను. అమెరికా సేనలు విడిచిపోయిన డకోటా విమానములు తక్కువ వెలకు అమ్ముడుపోవుచుండగా, మూలధనము గలవారెల్ల విమానసంస్థలు స్థాపింప మొదలిడిరి. సైన్యమునుండి విడుదలయైన చోదకులును పని వెదుకుచుండిరి. ఆ వరుసలో 1945లో నిజాం ప్రభుత్వమును టాటాలును కలిసి హైదరాబాదున డక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థను నెలకొల్పిరి. బేగంపేట మైదానము దాని నెలవు. ఇరువదవ శతాబ్దపు వైమానికచరిత్రలో మన తెలుగునేలకు గల నిజమైన సంబంధము ఇక్కడ మొదలగుచున్నది. అది విమానములవలన గాదు, ఒక యువతివలన.

ఆమె ప్రేమ్ మాథుర్. అలహాబాదులో పెరిగినది. అటల్ అను కెప్టెను ఒకనాడు ఆమెను విమానమున నెక్కించుకొని, భయపెట్టుటకై గాలిలో పల్టీలు కొట్టించె ననియు, ఆమె బెదరకుండుట చూచి, నేర్చుకొనుమని తానే చెప్పె ననియు కథ. 1947లో ఆమె వాణిజ్య చోదకురాలి లైసెన్సు పొందెను. భారతస్త్రీలలో అట్టి లైసెన్సు పొందిన మొదటి వ్యక్తి యామె. వెంటనే సంస్థలకు దరఖాస్తులు పెట్టుకొనెను. ఎనిమిది సంస్థలు ఆమెను త్రోసిపుచ్చెను. విమానము నడపుచున్నది స్త్రీ యని తెలిసిన ప్రయాణికులు భయపడుదు రని వారి సమాధానము. నైపుణ్యమును గూర్చిన శంక కాదది. లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వము నైపుణ్యమును పరీక్షించియే యిచ్చినది. ప్రయాణికుల భయ మను పేరు పెట్టి తమ భయమును చెప్పుకొనుట యజమానులకు ఎప్పుడును సులభమే. మా పాఠశాలలో గణితము బోధించుటకు స్త్రీని నియమించినయెడల తల్లిదండ్రులు ఒప్పరని వాదించిన పెద్దలను నేనెఱుగుదును. నియమించిన పిమ్మట ఒక్క తల్లియు ఒక్క తండ్రియు వచ్చి అడుగలేదు.

తొమ్మిదవ తలుపు డక్కన్ ఎయిర్‌వేస్ వారిది. అది తెఱచుకొనెను. ప్రేమ్ మాథుర్ బేగంపేటనుండి డకోటాలలో సహచోదకురాలిగా ఎగిరెను. 1949లో జాతీయ విమానపందెమున గెలిచెను. కాని విమానమునకు అధిపతి స్థానమును, అనగా ఎడమవైపు ఆసనమును, కోరినప్పుడు తెఱచుకొన్న ఆ తలుపే నడుమ నిలిచిపోయెను; మరల ఆ పాత కారణమే. ఆమె ఉద్యోగము వదలి, ఢిల్లీకి పోయి, ఘనశ్యామదాస్ బిర్లా స్వంత విమానమును కొంతకాలము నడపి, 1953లో ప్రభుత్వసంస్థయగు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరెను. హైదరాబాదు ఆమెకు అవకాశమిచ్చినదని మనము గర్వింపవచ్చును. సగమే యిచ్చినదని కూడ చెప్పవలెను. చరిత్ర వ్రాయువారు మొదటి మాట వ్రాసి రెండవది విడుచుట చూచి నాకు విసుగు కలిగినది.

ఇంకొక సంగతి నన్ను చాలసేపు ఆలోచింపజేసినది. 1947లో ఒక యువతి నమ్మదగినదా కాదా యని తీర్పు చెప్పిన ఆ కాలపు సంస్థల నిలుకడ ఎంత? దేశమునకు అవసరమైన వానికంటె విమానసంస్థలు ఎక్కువైన వని 1950లో రాజాధ్యక్షగారి విచారణసంఘము చెప్పెను. 1953 ఆగస్టు 1వ తేదీన డక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది స్వదేశ సంస్థలు ఒక్క ప్రభుత్వసంస్థలో కలిసిపోయెను. ఆఱేండ్లకే సంస్థలు పోయినవి. ఆ యువతి మాత్రము ఎగురుచునే యుండెను.

తరువాతి నలువది యేండ్లు ఈ వృత్తి ప్రభుత్వోద్యోగమై, చేరుటకు కష్టమును, చేరిన పిమ్మట నిశ్చింతయునై సాగెను. 1985లో రాయబరేలి సమీపమున ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉరాన్ అకాడమీ స్థాపింపబడెను. ఆ యేడే నవంబరులో సౌదామినీ దేశ్‌ముఖ్, నివేదితా భసీన్‌లు కలకత్తానుండి సిల్చారునకు విమానము నడపిరి. చోదకస్థానములు రెండింటను స్త్రీలే కూర్చుండిన ప్రయాణ మది. ప్రయాణికులు భయపడిన జాడ లేదు. నేడు మన దేశపు చోదకులలో స్త్రీలు నూటికి సుమారు 15 మంది. ప్రపంచపు సగటు 5 ప్రాంతము. ఏ విషయమునను స్త్రీలకు మనము ముందుంటి మని చెప్పుకొనుటకు అవకాశము తఱచుగా దొరకదు గనుక ఈ లెక్కను రెండుమార్లు చదివితిని.

1994లో ప్రభుత్వపు ఏకాధికారమునకు ఆధారమైన శాసనము రద్దగుటతో ప్రైవేటు సంస్థలకు మార్గము పూర్తిగా తెఱవబడెను. విమానములు పెరిగెను, జీతములు పెరిగెను, అంతకంటె వేగముగా ఆశలు పెరిగెను. ఆ వెనుక కింగ్‌ఫిషర్ 2012లోను, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిలులోను, గో ఫస్ట్ 2023 మేలోను ఎగురుట మానివేసెను. 2020 మార్చి 25 మొదలు రెండు నెలలు అంటువ్యాధి కారణమున స్వదేశ విమానప్రయాణము లన్నియు నిలిచెను. మరల, 2025లో చోదకుల వారపు విశ్రాంతిని 36 గంటలనుండి 48 గంటలకు పెంచిన నియమములు పూర్తిగా అమలునకు రాగా, ఆ డిసెంబరులో చోదకులు చాలక వేలకొలది ప్రయాణములు రద్దయ్యెను. ఒక యేడు చోదకుడు అక్కఱలేదు. మఱియొక యేడు ఎంతమంది యున్నను చాలరు. వరిపంట వంటిది గాదిది. పొగాకు పంట వంటిది. మా ప్రాంతపు రైతులకు ఈ పోలిక చెప్పినచో వేఱు వివరణ మక్కఱలేదు.

ఇక నా స్వంత కారణము. సుమారు పదునైదేండ్ల క్రిందట నా పూర్వశిష్యు డొకడు ఈ విద్యలోనే చేరెను. చేరుటకు ముందు నన్నడిగెను. నాకు ఈ వృత్తిని గూర్చి ఏమియు తెలియదు. తెలియదని చెప్పుటకు అభిమాన మడ్డువచ్చెను. 'సాహసే లక్ష్మీః' అని యేదో పలికి పంపితిని. అతడు లైసెన్సుతో తిరిగివచ్చిననాడు పాఠశాలలో సభ చేసి మెడలో దండ వేసితిని. వాని తండ్రి మూడెకరములు అమ్మియుండెను. అతనికి పని దొరకలేదు. లైసెన్సును నిలుపుకొనుటకు ఎగురుచుండవలెను, వైద్యపరీక్షలు చేయించుకొనుచుండవలెను, వేఱొక జాతి విమానమునకు వేఱు శిక్షణ పొందవలెను, ప్రతిదానికిని ధనమే. మూడేండ్లు వేచి, పిమ్మట విజయవాడలో సరకుల రవాణా కార్యాలయమున గుమాస్తాగా చేరెను. ఇప్పటికిని వీధిలో కనబడినచో నమస్కరించును. వాని తండ్రి మాత్రము ప్రక్క సందులోనికి తిరిగిపోవును. పదునైదేండ్ల నాటి ఆ దండ నా మెడకు తగిలియున్నట్లు అప్పు డనిపించును.

కావుననే ఈమారు గడు వడిగితిని. ఈ విద్య యెట్టిదో సాధ్యమైనంత సూటిగా తెలిసికొంటిని. వాణిజ్య చోదక లైసెన్సునకు పదునెనిమిదేండ్లు నిండవలెను. గణిత భౌతికశాస్త్రములతో ఇంటరు ఉత్తీర్ణత కావలెను. విమానము, వాతావరణము, దిశానిర్ణయము, విమానయాన నియమములు, రేడియో సంభాషణము అను విషయములలో పరీక్షలు. 200 గంటలు ఎగిరిన అనుభవము. ఒకటవ తరగతి వైద్యపరీక్ష. కండ్లజోడు ఉన్నవారు పనికిరా రని మన యిండ్లలో గట్టి నమ్మకము కలదు. అది సరికాదు; అద్దములతో చూపు సరియగునేని చాలును. రంగులను సరిగా గుర్తింపలేని దోషము మాత్రము చిక్కు తెచ్చును. అది ఉన్నదని చాలమందికి పరీక్షించువఱకును తెలియదు. అందుచే మొదట శిక్షణరుసుము కట్టి పిమ్మట వైద్యుని కడకు పోవుట ఇల్లు కట్టి పునాది త్రవ్వుట వంటిది.

లైసెన్సు వచ్చిన మాత్రమున పెద్దవిమానము నడపుటకు వీలులేదు. ఒక్కొక్క జాతి విమానమునకు వేఱువేఱు అనుమతి. ఆ శిక్షణము మరల లక్షలతో కూడినది. అంతయు కలిపి నేడు అర కోటికి తక్కువ లేదు. కొన్ని మార్గములలో కోటి దాటును. పనిలో చేరిన పిమ్మట మొదట సహచోదకత్వము. అధిపతి యగుటకు కావలసిన ఉన్నత లైసెన్సునకు 1,500 గంటలు. ఏడాదిలో ఎగురదగినది 1,000 గంటలకు మించరాదు. వైద్యపరీక్ష ఏటేటా. అందు తప్పినచో ఆనాటితో వృత్తి నిలిచిపోవును. ఉపాధ్యాయునకు గుండెజబ్బు వచ్చినను పాఠము చెప్పుకొనవచ్చును. చోదకునకు అట్లు కాదు. ఇది ఎవరును పిల్లలకు చెప్పరు. చెప్పినచో పదునెనిమిదేండ్ల వయస్సున వినువారును తక్కువ.

రెండు వారముల పిమ్మట వారు మరల వచ్చిరి. ఈమారు నాయనమ్మ కూడ వచ్చెను. నేను తెలిసికొన్నదంతయు చెప్పితిని. దండ వేసిన కథ కూడ దాచలేదు. తండ్రి ముఖమున కొంత ఉపశాంతి కనబడెను. "అయితే వద్దనే గదండీ మీరు చెప్పేది?" అనెను. "ఈ పిల్ల పేర ఏమైన ఉంచితిరా?" యని అడిగితిని. రెండెకరముల మాగాణి పసుపుకుంకుమల క్రింద ఉంచినా మనియు, పెండ్లి కుదిరిననాడు ఇచ్చెద మనియు చెప్పెను. దానికి నేటి వెల అడిగితిని. ఆయన చెప్పెను. శిక్షణవ్యయమునకును దానికిని పెద్ద తేడా లేదు.

గదిలో కొంతసేపు నిశ్శబ్దము. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. ఆ పొలమునకు పసుపుకుంకుమ లని పేరు పెట్టినను, పెండ్లి కుదిరిననాడు చేతులు మారు సొత్తు ఏమగునో మన కెల్లరకును తెలియును. అల్లునికి రెండెకరము లిచ్చుట సంప్రదాయము. అల్లుడు నిలుకడగల వాడో కాడో యని వైద్యపరీక్ష చేయించువారు లేరు. కూతురు చదువునకు ఆ రెండెకరములే పెట్టుట జూదము. నేను ఈ మాటను కొంచెము మెత్తగా చెప్పితిని గాని చెప్పకుండ విడువలేదు. "అది జూదమే. నేను కాదనను. ఇదియు జూదమే. దీనిలో అమ్మాయి చేతిలో ఒక విద్య మిగులును" అంటిని. పిమ్మట, పొలమంతయు ఒక్కసారిగా అమ్మవల దనియు, లైసెన్సు వచ్చి పని రాని మూడేండ్లకు తిండిఖర్చు ముందే ప్రక్కన పెట్టుకొనవలె ననియు, దూరవిద్యలో ఒక పట్టమునకు కూడ చేరి యుండవలె ననియు, వైద్యపరీక్ష ముగియువఱకు ఎవ్వరికిని రూపాయి కట్టవల దనియు చెప్పితిని. ఆ పిల్ల అప్పుడు మొదటిసారి మాటాడెను. "మూడేళ్లు దొరక్కపోతే పాఠాలు చెప్పుకుంటానండి. లెక్కలు నాకు బాగానే వచ్చు." ఆ మాటను తండ్రి నాకంటె శ్రద్ధగా వినెను.

తల్లి అడిగినది ఒక్కటే ప్రశ్న. 2025 జూన్ 12వ తేదీన అహ్మదాబాదులో కూలిన విమానములోని 242 మందిలో 241 మంది మరణించిరి. ఆమె ఆ వార్తను దూరదర్శనమున రెండు రోజులు చూచినది. "అట్లా అవుతుందేమోనండీ?" అనెను. ఎనుబది యేండ్ల క్రిందటి లెక్కలతో పోల్చినచో ఒక్కొక్క ప్రయాణమునకు గల యపాయము ఎంతో తగ్గినది. రేడియో, రాడారు, వాతావరణసూచనలు, ప్రతి ప్రమాదమునకును జరుగు విచారణలు, వానివలన మాఱిన నియమములు అందుకు కారణములు. నేను అది చెప్పితిని. కాని సరళా ఠక్రాల్ భర్త కథ చెప్పి యింతసేపు కాలేదు; ఈ లెక్క తల్లికి చాలునని నేననుకొనలేదు. మా యూరినుండి హైదరాబాదునకు రాత్రి బస్సులో కూతురును ఒంటరిగా పంపుట తనకు అలవాటైన దని కొంతసేపటికి ఆమెయే చెప్పెను. ఆ దారిలో ఎందఱు పోయిరో ఆమెకు తెలియును.

ముందు వైద్యపరీక్ష చేయించుద మని వారు నిశ్చయించుకొనిరి. పొలము కాగితములు పెట్టెలోనే యుండును. పరీక్షకు దరఖాస్తును ఆ బాలికయే పూర్తిచేసి నాకు చూపినది. తేదీ వచ్చు నెలలో. వెళ్లుటకు లేచునప్పుడు, అంతవఱకు మూల కూర్చుండి వినుచున్న నాయనమ్మ నా వంక తిరిగెను.

"చీరతోనే నడిపిందన్నారే బాబూ ఆ లాహోరు పిల్ల," అనెను, "అంత గాలిలో కొంగు ఎక్కడ దోపుకుందిట?"